టేపుతో మొదలుపెట్టి ప్రింటు దాకా: ఆటోక్యాడ్‌లో ఇంటి ప్లాను గీయడం నేర్చుకునేవారికి సమగ్ర మార్గదర్శి

కంప్యూటరులో డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్‌ను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని నన్ను అడిగేవారిలో చాలామంది అప్పటికే కొన్ని నెలలు వీడియోలు చూసి ఉంటారు. నలభై కమాండ్ల పేర్లు గడగడా చెబుతారు. పది అడుగుల గది ఒకటి గీసి, దానికి తలుపు పెట్టమంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. నేర్చుకున్న వరుస తప్పడమే దీనికి కారణం.

ఇక్కడ చెప్పే వరుసలో ముందు టేపు, తరువాత కాగితం, ఆ తరువాతే కంప్యూటరు. మీరుంటున్న ఇంట్లో ఒక గదితో మొదలుపెట్టి, 150 గజాల స్థలంలో ఇంటి ప్లాను గీసి, ప్రింటు తీసి మేస్త్రీ చేతికి ఇచ్చేదాకా వెళ్దాం. రోజుకు గంట కేటాయించగలిగితే నెలన్నర పడుతుంది. ఆదివారం ఒక్కరోజే ఐదు గంటలు కూర్చోవడం కంటే రోజూ గంట కూర్చోవడమే మేలు. ఈ పనిలో సగం చేతి అలవాటు.

1. సిద్ధం చేసుకోవలసినవి

- 5 మీటర్ల స్టీలు టేపు. ఒకవైపు అడుగులు–అంగుళాలు, మరోవైపు సెంటీమీటర్లు ఉన్నది.
- గళ్ల కాగితం, పెన్సిలు, రబ్బరు.
- 8 జీబీ ర్యామ్‌కు తగ్గని కంప్యూటరు.
- మధ్యలో చక్రం ఉన్న మౌసు. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో డ్రాయింగు నేర్చుకోవడం కుదరదు. దీనిలో రాజీ పడవద్దు.
- సాఫ్ట్‌వేరు.

కళాశాలలో చదువుతున్నవారికి ఆటోడెస్క్ సంస్థ ఆటోక్యాడ్‌ను ఉచితంగా ఇస్తుంది. విద్యార్థి అని రుజువు చూపాలి. ఏడాదికోసారి పునరుద్ధరించుకోవాలి. అది చదువుకే తప్ప డబ్బు తీసుకుని చేసే పనికి వాడకూడదు.

విద్యార్థులు కానివారు లిబ్రేక్యాడ్‌తో మొదలుపెట్టవచ్చు, అది పూర్తిగా ఉచితం. గీత, ఆఫ్‌సెట్, ట్రిమ్, లేయరు అన్న ఆలోచనలన్నీ అందులోనూ ఉంటాయి, మీటలు మాత్రం వేరు. ఫైలును డీఎక్స్ఎఫ్ రకంలో సేవ్ చేస్తుంది, ఆటోక్యాడ్ సొంత రకమైన డీడబ్ల్యూజీలో చేయదు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన దొంగ కాపీ మాత్రం వద్దు. డ్రాయింగు ఫోల్డర్ల ద్వారా ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి పాకే వైరస్‌లు ఆటోక్యాడ్‌కు ప్రత్యేకంగా ఉన్నాయి.

త్రీడీ సాఫ్ట్‌వేర్లతో మొదలుపెట్టవచ్చా అని కూడా అడుగుతుంటారు. ప్లాను చదవడం, గీయడం వచ్చాక అటు వెళ్లండి. గోడ మందం ఎంతో తెలియకుండా గోడను నిలబెడితే చూడడానికి బాగుంటుంది, కట్టడానికి పనికిరాదు.

2. ముందు ఒక గదిని కొలవండి

కంప్యూటరు ఇంకా తెరవవద్దు. ఒకే తలుపు, ఒకే కిటికీ ఉన్న గదిని ఎంచుకోండి. కాగితం మీద గది ఆకారం చేత్తో గీసి, కొలతలు దాని మీదే రాసుకోండి.

కొలిచే పద్ధతిలో తేడా ఉంది. మూల నుంచి తలుపు దాకా ఒకసారి, తలుపు వెడల్పు ఒకసారి, తలుపు నుంచి అవతలి మూల దాకా మరోసారి కొలిచి కూడితే ప్రతిసారీ పావు అంగుళం చొప్పున తప్పు చేరుతుంది. టేపును మూలలో ఆనించి గోడ పొడవునా పరిచి, తలుపు మొదలు, తలుపు చివర, గోడ చివర మూడింటినీ ఒకే సున్నా నుంచి చదవండి.

తరువాత కర్ణం కొలవండి, కొత్తవారు దాదాపు అందరూ వదిలేసేది ఇదే. 10 అడుగులు × 12 అడుగుల గది మూలలు సరిగ్గా మూలమట్టానికి ఉంటే కర్ణం సుమారు 15 అడుగుల 7½ అంగుళాలు రావాలి. రెండు కర్ణాల మధ్య రెండంగుళాల తేడా వచ్చిందంటే ఆ గది మూలలు మూలమట్టానికి లేవు, గది ఓరగా ఉంది. పాత ఇళ్లలో ఇది మామూలే.

గోడ మందం తలుపు దగ్గర తెలుస్తుంది. తొమ్మిదంగుళాల గోడ టేపులో పది దాకా చూపిస్తుంది, రెండువైపులా ప్లాస్టరింగు ఉంటుంది కదా. డ్రాయింగులో ఇటుక గోడ మందమే చూపడం ఆనవాయితీ కాబట్టి బయటి గోడకు 9, లోపలి పార్టిషను గోడకు 4½ అంగుళాలు వాడతాం.

కొలిచాక సరిచూసుకోండి:

- పొడవు, వెడల్పు, రెండు కర్ణాలు
- ప్రతి తలుపు, కిటికీ మూల నుంచి ఎంత దూరం, ఎంత వెడల్పు
- కిటికీ దిమ్మె నేల నుంచి ఎంత ఎత్తు
- తలుపు ఎటువైపు, ఏ అంచు మీద తెరుచుకుంటుంది
- ఉత్తరం ఎటు (ఫోనులోని దిక్సూచి చాలు)

3. మొదటి గీతకు ముందు అమరికలు

ఆటోక్యాడ్ తెరిచి యూనిట్స్ అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. పొడవు రకంలో ఆర్కిటెక్చరల్ ఎంచుకోండి. దిగువన చొప్పించే వస్తువుల ప్రమాణం (ఇన్సర్షన్ స్కేలు) అంగుళాలుగా ఉంచండి. సూక్ష్మత (ప్రెసిషన్) 1/16 దగ్గర పెట్టండి.

సూక్ష్మత గురించి ఒక మాట. అంకెలు శుభ్రంగా కనబడాలని కొందరు దీన్ని పూర్తి అంగుళానికి మారుస్తారు. అప్పుడు 9 అడుగుల 11¾ అంగుళాల గీత కూడా తెర మీద 10 అడుగులుగానే కనిపిస్తుంది. తప్పు కనబడకుండా పోతుంది తప్ప డ్రాయింగులో నుంచి పోదు. గీసేటప్పుడు 1/16 ఉండాల్సిందే.

ఈ అమరికలో వట్టి అంకె అంటే అంగుళాలు. 30 అని కొడితే ముప్ఫై అంగుళాలు, ముప్ఫై అడుగులు కావాలంటే 30' అని కొట్టాలి. పది అడుగుల ఆరున్నర అంగుళాలకు 10'6-1/2 అని రాయాలి. మధ్యలో ఖాళీ వదలకూడదు, స్పేస్‌బార్ కూడా ఎంటర్‌లాగే పనిచేస్తుంది. నేను చూసినంతలో మొదటి వారంలో ఎక్కువ సమయం తినేది ఈ ఒక్క అడుగుల గుర్తే (').

డ్రాయింగును ఎప్పుడూ అసలు కొలతకే గీయాలి. పన్నెండు అడుగుల గోడ కంప్యూటరులోనూ పన్నెండు అడుగులే. స్కేలు ఆలోచన ప్రింటు తీసేటప్పుడు వస్తుంది, అంతకు ముందు దాన్ని మరచిపోండి.

తరువాత మూడు మీటలు:

- ఎఫ్3: గీత చివర, మధ్య, కూడలి వంటి బిందువులను కచ్చితంగా పట్టుకునేది. ఎప్పుడూ వేసి ఉంచండి. కంటి అంచనాతో రెండు గీతలను కలిపితే, దగ్గరికి వెళ్లి చూసినప్పుడు మధ్యలో సందు కనిపిస్తుంది.
- ఎఫ్8: గీతలు అడ్డంగా, నిలువుగా మాత్రమే వెళ్లేలా చేసేది.
- ఎఫ్9: కర్సరు గంతులు వేస్తుంటే దీన్ని ఆపండి.

ఈ అమరికలతో ఖాళీ ఫైలును టెంప్లేటుగా, అంటే డీడబ్ల్యూటీ రకంలో సేవ్ చేసుకోండి. ఇకపై ప్రతి పనీ దానితోనే మొదలుపెట్టాలి.

4. చేతులకు నేర్పవలసిన అలవాట్లు

ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి మౌసు మీద. పైన ఉన్న బొమ్మల మీద నొక్కే అలవాటు పడితే వేగం రాదు. మొదటి నెలకు ఈ పొట్టి అక్షరాలు చాలు:

- ఎల్: గీత
- ఆర్ఈసీ: దీర్ఘచతురస్రం
- ఓ: ఆఫ్‌సెట్, అంటే చెప్పినంత దూరంలో సమాంతర గీత
- టీఆర్: అడ్డొచ్చిన ముక్కను కత్తిరించడం
- ఈఎక్స్: గీతను ఎదురుగా ఉన్న గీత దాకా పొడిగించడం
- ఎఫ్: రెండు గీతలను మూలలో కలపడం, వ్యాసార్ధం సున్నా ఉండాలి
- ఎమ్, సీఓ, ఎమ్ఐ: జరపడం, నకలు, అద్దంలోలా తిప్పడం
- డీఐ: దూరం కొలవడం
- యూ: చేసినదాన్ని వెనక్కి తీసుకోవడం

తెర అడుగున ఉండే కమాండు వరుసను చదవండి. సాఫ్ట్‌వేరు ప్రతి అడుగులోనూ మనల్ని ఏదో అడుగుతూనే ఉంటుంది. చిక్కుపడ్డానని చెప్పేవారి తెర చూస్తే పదిలో తొమ్మిదిసార్లు జవాబు అక్కడే రాసి ఉంటుంది.

ఎంపిక చేయడంలో ఒక కీలకం ఉంది. ఎడమ నుంచి కుడికి పెట్టె లాగితే అది నీలంగా కనిపిస్తుంది, పూర్తిగా లోపల ఉన్నవే ఎంపికవుతాయి. కుడి నుంచి ఎడమకు లాగితే ఆకుపచ్చగా కనిపిస్తుంది, తాకినవన్నీ వస్తాయి. తలుపును మాత్రమే జరపబోతే గోడ కూడా కదిలిందంటే ఈ తేడా మరచినట్టే.

5. మొదటి గది, అడుగడుగునా

మీరు కొలిచిన గది 10 × 12 అనుకుందాం. దిగువ గోడలో ఎడమ మూల నుంచి 4½ అంగుళాలు వదిలి 3 అడుగుల తలుపు ఉంది.

1. ఆర్ఈసీ కొట్టి తెర మీద ఒకచోట నొక్కండి. తరువాత @10',12' అని ఇవ్వండి. ఇది గది లోపలి అంచు.
2. ఓ కొట్టి 9 ఇవ్వండి. గీతను ఎంచుకుని బయటివైపు నొక్కండి. గోడకు మందం వచ్చింది.
3. రెండు దీర్ఘచతురస్రాలనూ ఎక్స్ కమాండుతో విడగొట్టండి. ఇప్పుడు ప్రతి అంచూ విడి గీత.
4. లోపలి ఎడమ గీతను కుడివైపుకు 4.5 ఆఫ్‌సెట్ చేయండి. వచ్చిన గీతను మళ్లీ కుడివైపుకు 3' చేయండి. తలుపు రెండు అంచులూ వచ్చాయి.
5. ఈ రెండింటినీ ఈఎక్స్‌తో దిగువ బయటి గీత దాకా పొడిగించండి.
6. టీఆర్‌తో ముందు ఆ రెండు గీతల పైభాగాన్ని, తరువాత వాటి మధ్యనున్న గోడ గీతల ముక్కలను తీసేయండి.

గోడలో ఖాళీ ఏర్పడింది. ఆరో అడుగు దగ్గర వీడియోలో చూసినట్టు మీకు జరగకపోవచ్చు. ఆటోక్యాడ్ 2021 నుంచి ట్రిమ్ పద్ధతి మారింది, నేరుగా ముక్క మీద నొక్కితే చాలు. పాత వెర్షన్లలో టీఆర్ తరువాత ఎంటర్ రెండుసార్లు నొక్కాలి.

పని సరిగా వచ్చిందో లేదో లెక్కతో చూడండి. ఏరియా అని కొట్టి లోపలి నాలుగు మూలలూ వరుసగా నొక్కి ఎంటర్ ఇస్తే 17280 చదరపు అంగుళాలు, అంటే 120 చదరపు అడుగులు రావాలి. అంకె కొంచెం తేడాగా వచ్చిందంటే ఎక్కడో మూల కలవలేదు. ఈ గదిని చూడకుండా, ఆగకుండా పది నిమిషాల్లో గీయగలిగేదాకా ముందుకు వెళ్లవద్దు. నాలుగు రోజులు పట్టినా ఫరవాలేదు.

6. లేయర్లు

లేయరు అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితం లాంటిది, ఒక్కో రకం గీతలకు ఒక్కోటి. ఎల్ఏ కొడితే లేయర్ల పట్టిక వస్తుంది. ఆరు చాలు: గోడలు, తలుపులు–కిటికీలు, కొలతలు, రాతలు, ఫర్నిచరు, పైన వెళ్లేవి. చివరిది సన్‌షేడ్, బీము వంటి వాటికి, గీత రకం తెగిన గీతగా ఉండాలి.

గీత మందం కూడా ఇక్కడే ఇవ్వండి. గోడకు 0.50 మిల్లీమీటర్లు, తలుపులకు 0.25, కొలతలకు 0.13. అన్ని గీతలూ ఒకే మందంలో ఉన్న ప్లానులో గోడ ఏదో, మంచం ఏదో కళ్లు వెతుక్కోవలసి వస్తుంది.

గీతకు విడిగా రంగు మార్చవద్దు, రంగు ఎప్పుడూ లేయరు నుంచే రావాలి. డెఫ్‌పాయింట్స్ అనే లేయరు తనంతట తానే పుడుతుంది. దాని మీద గీసినది తెర మీద కనిపిస్తుంది, ప్రింటులో రాదు. ప్రింటులో గోడ మాయమైందని కంగారుపడేవారు ముందు చూడవలసినది అదే.

7. తలుపు ఒక్కసారే గీయండి

3 అడుగుల తలుపుకు 3' × 1½" దీర్ఘచతురస్రం, దానికి పావు వృత్తం. వీటిని సున్నా లేయరు మీద గీసి, బీ కమాండుతో బ్లాకుగా, అంటే మళ్లీ మళ్లీ పెట్టుకోగలిగే ఒకే వస్తువుగా చేయండి. పట్టుకునే బిందువును బందు దగ్గర పెట్టండి. సున్నా లేయరు మీద చేసిన బ్లాకు, ఏ లేయరులో పెడితే ఆ లేయరు రంగు తీసుకుంటుంది.

మామూలుగా వాడే వెడల్పులు: సింహద్వారం 3'6", పడకగది 3', బాత్‌రూము 2'6". ఎత్తు అన్నిటికీ 7 అడుగులు. వీటికి, రెండు మూడు కిటికీలకు బ్లాకులు చేసి టెంప్లేటులో దాచుకుంటే తరువాతి పని సగం తగ్గుతుంది.

8. 150 గజాల ఇంటి ప్లాను

గది చేతికి వచ్చాక అసలు అభ్యాసం ఇది. 30 × 45 అడుగుల స్థలం, 1350 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 150 గజాలు.

సెట్‌బ్యాక్‌లు, అంటే స్థలం హద్దుకూ ఇంటి గోడకూ మధ్య వదలవలసిన ఖాళీలు, స్థలం విస్తీర్ణాన్ని, రోడ్డు వెడల్పును బట్టి మారతాయి. నిజమైన పనికి మీ పురపాలక సంఘం నిబంధన చూడండి. అభ్యాసానికి ముందు 5 అడుగులు, మిగతా మూడువైపులా 3'6" వదులుదాం. కట్టడానికి 23' × 36'6" మిగిలింది.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. 23 అడుగుల వెడల్పులో రెండు గదులంటే ఒక్కోటి పదకొండున్నర అని కాగితం మీద రాసేస్తారు. గోడలను ఎవరు లెక్కపెడతారు? వరుసగా కూడండి: గోడ 9", గది 10'6", గోడ 9", గది 10'3", గోడ 9". మొత్తం 23 అడుగులు (మధ్య గోడను కూడా ఇక్కడ 9 అంగుళాలే తీసుకున్నాం). మూడు గోడలే రెండడుగుల మూడంగుళాలు తినేశాయి. నిలువునా కూడా ఇలాగే కూడి, మొత్తం 36'6" వచ్చాకే కంప్యూటరు ముందు కూర్చోండి.

గీసే వరుస:

1. స్థలం సరిహద్దు
2. సెట్‌బ్యాక్ గీతలు, లోపలికి ఆఫ్‌సెట్ చేసి
3. బయటి గోడలు
4. లోపలి గోడలు, కాగితం మీది కూడిక ప్రకారం ఆఫ్‌సెట్ చేస్తూ
5. గోడల కూడళ్లు శుభ్రం చేయడం
6. మెట్లు
7. తలుపులకు, కిటికీలకు ఖాళీలు, ఆ తరువాత బ్లాకులు
8. మంచం, గ్యాస్ గట్టు, కమోడు వంటివి

మెట్లను తలుపుల కంటే ముందు పెట్టడానికి కారణముంది. నేల నుంచి పైఅంతస్తు నేలకు 10 అడుగులైతే, ఆరంగుళాల ఎత్తుతో 20 మెట్ల ఎత్తులు కావాలి. రెండు వరుసలుగా పదేసి చేస్తే, పదో ఎత్తు ల్యాండింగు మీదికో పైఅంతస్తు మీదికో చేరుతుంది కాబట్టి, పాదం పెట్టే చోటు పదంగుళాలున్న తొమ్మిది మెట్లతో ఒక్కో వరుస పొడవు ఏడున్నర అడుగులు, దానికి ల్యాండింగు అదనం. ఈ చోటును చివర్లో వెతికితే వంటగది చిన్నదైపోతుంది.

ఫర్నిచరు అలంకారం కోసం కాదు. 6 × 6½ అడుగుల మంచం పెట్టి చూస్తే తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో అక్కడే తెలుస్తుంది.

9. కొలతలు, రాతలు

బయట మూడు వరుసల్లో కొలతలు వేయండి. గోడకు దగ్గరగా కిటికీలు, తలుపుల స్థానాలు, తరువాత గదులు–గోడలు, చివర మొత్తం. గదుల లోపల పేరు, దాని కింద లోపలి కొలత.

కొలత అంకెను ఎప్పుడూ చేత్తో మార్చవద్దు. పని కొత్తలో నేను ఒక బాత్‌రూము దగ్గర ఆ పని చేశాను. సాఫ్ట్‌వేరు 4'10" చూపిస్తుంటే, గీతను జరపడానికి బద్ధకించి అంకె మీద 5' అని రాసి ప్రింటు ఇచ్చేశాను. సైటులో ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ గది తరువాత గది కూడుకుంటూ వచ్చాడు. చివరి గోడ దగ్గర రెండంగుళాలు ఎటూ సరిపోలేదు. తప్పు ఏ గదిలో ఉందో ప్రింటు చూసి కనిపెట్టే దారే లేదు. పోసిన ముగ్గు చెరిపి, కూలీలు మధ్యాహ్నం దాకా ఖాళీగా కూర్చున్నారు. అంకె తప్పనిపిస్తే గీతను సరిచేయండి, అంకె దానంతట అదే మారుతుంది.

అక్షరాల ఎత్తు: పావంగుళానికి అడుగు స్కేలులో ప్రింటు తీయబోతుంటే గది పేర్లకు 6 అంగుళాలు, కొలతలకు 4½ అంగుళాలు పెట్టండి. కాగితం మీద సుఖంగా చదవగలిగే పరిమాణం వస్తుంది.

10. ప్రింటు

మోడల్ తెర మీదినుంచి నేరుగా ప్రింటు తీయకుండా, దిగువనున్న లేఅవుట్ ట్యాబులోకి వెళ్లండి.

1. పేజీ సెటప్‌లో ఏ3 కాగితం, అడ్డంగా. ప్రమాణం అంగుళాలు, 1 అంగుళం = 1 యూనిట్.
2. ప్లాట్ స్టైలు మోనోక్రోమ్. లేకపోతే పసుపు గీతలు కాగితం మీద కనబడవు.
3. ఎమ్‌వీ కొట్టి వ్యూపోర్టు, అంటే ప్లాను కనిపించే చట్రం గీయండి. దాని స్కేలు 1/4" = 1'-0" పెట్టి తాళం వేయండి.

ఈ స్కేలులో మన 30 × 45 స్థలం కాగితం మీద 7½ × 11¼ అంగుళాలు. ప్లానును అడ్డంగా తిప్పి పెడితే ఏ3లో చక్కగా ఇముడుతుంది, పక్కన పేరుపట్టీకి చోటు మిగులుతుంది. చేతిలో ఏ4 ప్రింటరే ఉంటే 1/8" స్కేలు వాడండి, అక్షరాల ఎత్తు రెట్టింపు చేయండి.

ఒక ఉచ్చు ఉంది. డ్రాయింగు అంగుళాల్లో ఉండి, పేజీ ప్రమాణం మిల్లీమీటర్లలో ఉంటే ఎంచుకున్న స్కేలుకూ కాగితానికీ పొంతన ఉండదు, ప్లాను వేలిగోరంత అవుతుంది. అలా అయితే మళ్లీ ఒకటో అడుగు చూడండి.

పీడీఎఫ్ నుంచి ప్రింటు తీసేటప్పుడు కాగితానికి సరిపెట్టే ఎంపిక తీసేసి అసలు పరిమాణం పెట్టండి. వచ్చిన కాగితం మీద పది అడుగుల గోడను స్కేలుతో కొలవండి. సరిగ్గా రెండున్నర అంగుళాలు ఉండాలి. జిరాక్సు దుకాణంలో ప్రింటు తీయించినా, అక్కడే నిలబడి కొలిచి తీసుకోండి.

11. తరచూ ఎదురయ్యే చిక్కులు

- గీసినది కనబడటం లేదు: మౌసు చక్రాన్ని రెండుసార్లు టకటకా నొక్కండి. మొత్తం డ్రాయింగు తెర మీదికి వస్తుంది.
- వృత్తాలు పలకలుగా కనిపిస్తున్నాయి: ఆర్ఈ కొట్టండి.
- తెగిన గీతలు నిండు గీతల్లా ఉన్నాయి: ఎల్‌టీఎస్ విలువ మార్చి చూడండి.
- మిర్రర్ చేస్తే అక్షరాలు తిరగబడ్డాయి: మిర్‌టెక్స్ట్ (MIRRTEXT) విలువ 0 చేయండి.
- ఫైలు తెరిచేటప్పుడు ఫోల్డరు కిటికీ రావడం లేదు: ఫైల్‌డయా (FILEDIA) విలువ 1 చేయండి.
- హ్యాచ్ (మూసిన చోట నింపే గీతల నమూనా) నిండటం లేదు: ఎక్కడో మూల తెరిచి ఉంది. ఎఫ్ కొట్టి రెండు గీతలనూ కలపండి.
- ఒకే చోట గీత మీద గీత పడింది: ఓవర్‌కిల్.
- కరెంటు పోయి ఫైలు పాడైంది: అదే ఫోల్డరులో బీఏకే రకం ఫైలు ఉంటుంది. దాన్ని నకలు తీసి, రకం పేరును డీడబ్ల్యూజీగా మార్చి తెరవండి.

12. ఫైలును ఇతరులకు ఇచ్చే ముందు

పీయూ కొట్టి వాడని లేయర్లు, బ్లాకులు తీసేయండి, తరువాత ఆడిట్ నడపండి. అవతలివారి దగ్గర పాత వెర్షను ఉంటే 2013 రూపంలో సేవ్ చేసి ఇవ్వండి. పీడీఎఫ్ కూడా జత చేయండి. ఫైలు పేరులో తేదీ రాయండి. "చివరిది", "అసలు చివరిది" అని పేర్లు పెడితే నెల తరువాత ఏది కట్టాలో ఎవరికీ తెలియదు.

అనుమతి కోసం ఇచ్చే డ్రాయింగు వేరు. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. అక్కడ కొలతలు మీటర్లలో ఉంటాయి. డ్రాయింగును సాఫ్ట్‌వేరే చదివి పరిశీలిస్తుంది కాబట్టి లేయర్లు నిర్దేశించిన పేర్లతో, హద్దులు మూసిన పాలీలైన్లతో, అంటే ఒకే వస్తువుగా కలిసి ఉన్న గీతలతో ఉండాలి. మీ ప్లానును లైసెన్సున్న సాంకేతిక నిపుణుడికి ఇచ్చి ఆ రూపంలోకి మార్పించుకోండి.

చివరి పరీక్షకు ప్రింటు తీసుకుని దగ్గర్లో పని జరుగుతున్న ఇంటికి వెళ్లండి. ఒక మేస్త్రీ చేతికి ఇచ్చి, మీరేమీ చెప్పకుండా, ఈ పడకగది తలుపు ఎక్కడ వస్తుందో టేపుతో నేల మీద చూపమనండి. ఆయన మిమ్మల్ని అడిగిన ప్రతి ప్రశ్నా డ్రాయింగులో రాయడం మరచిన ఒక కొలత. వాటన్నిటినీ ఆ కాగితం వెనకే రాసుకుని, ఆ రోజు సాయంత్రమే ఫైలులో చేర్చండి.